చేతికర్రకు ఒకటి

మా బూతు నూట డెబ్బై రెండు.
గొట్టివలస బడి, ఉత్తరం గది.
నల్లబల్ల మీద ఎవరూ చెరపని ఎక్కం:
ఏడేడ్ల నలభై తొమ్మిది.
జాబితాలో పేర్లు తొమ్మిదివందల నలభై,
పడిన ఓట్లు ఏడువందల తొంభై ఆరు.
అంగన్‌వాడీ కోడిగుడ్లతో పాటు
ఈ పేర్ల లెక్క కూడా నాదే.
ఎవరు చచ్చారో, ఎవరు కాపురానికొచ్చారో
ఊరి కంటే ముందు నా ఎర్రపెన్నుకి తెలియాలి.

విజయనగరం కాలేజీలో, పదకొండో రౌండులో
మా పార్లమెంటు పెట్టె తెరిచారు.
ఏజెంటుగా కూర్చున్న పారినాయుడు
చెమటకి తడిసిన కాగితం జేబులోంచి తీశాడు.
ఒక పెద్ద గుర్తుకి నాలుగువందల ఒకటి.
ఇంకోదానికి మూడువందల డెబ్బై రెండు.
నోటాకి పద్నాలుగు. చిల్లరమల్లర ఎనిమిది.
చేతికర్రకి
ఒకటి.

గెలిచినాయన మెజారిటీ లక్షల్లో.
అందులో మా వాటాకొచ్చింది
ఒక లారీ, రెండట్టల టపాసులు,
గౌరునాయుడి గడ్డిమేటు చివర కొంచెం కాలడం.
లక్షల సంగతి రాత్రికే అయిపోయింది.
తెల్లారేసరికి బోరింగు కాడ ఒకటే మాట:
"ఎవుడ్రా ఆ ఒక్కడూ?"

చేతికర్ర మీద నిలబడినాయన ఎవరో రిటైరైన లైన్‌మన్.
నామినేషన్ వేసిన రోజున తప్ప
ఆయన్ని ఆయన నీడైనా చూసిందో లేదో.
మా ఊరికి రాలేదు. దణ్ణం పెట్టలేదు. కవరు పంపలేదు.
నోటా పద్నాలుగూ ఎవరివో అందరికీ తెలుసు,
గరివిడి ఫ్యాక్టరీ గేటుకి తాళం పడ్డాక
క్యారేజీలు ఖాళీ అయిన ఇళ్ళవి. అది కోపం.
కోపాన్ని ఊరు క్షమించేసింది.
ఈ ఒకటి మాత్రం
కవరూ కాదు, కోపమూ కాదు.

రెండు పార్టీలూ కలిసి మా అరుగెక్కాయి, మొట్టమొదటిసారి.
"రత్నం టీచరూ, సీటీలు నువ్వే పంచినావు గదా,
సెప్పీ. ఏటీ సెయ్యంలే."

రెండువందల పన్నెండు, తవుడు.
చెన్నై నుంచి పార్టీ బస్సులో వచ్చి
అదే బస్సులో మేస్త్రీపనికి తిరిగెళ్ళాడు.
బస్సెవరిదో ఓటు వాళ్ళదే, అని ఒట్టేశాడు.
ఐదువందల ఎనభై ఎనిమిది, సర్పంచి కోడలు.
అట్టపెట్టె వెనకాల చాలాసేపు నిలబడింది.
బీప్ ఆలస్యంగా మోగింది.
ఆ సంగతి నేనెత్తలేదు.
మూడువందల నలభై, రౌతు బోడెమ్మ.
చూపానదు. తోడెళ్ళిన మనవడికి
కుడిచేతి వేలికి సిరా పెట్టారు.
అందరికీ ముసలమ్మ మీదే అనుమానం.
"నా కర్ర నాకుంది గదా బావూ,
ఇంకోటెందుకు?" అంది, బోసినోటితో నవ్వుతూ.

వానలు పడ్డాయి. ఉభాలు మొదలయ్యాయి.
మడిలో వంగిన ఆడోళ్ళ మధ్య
ఒకర్తె నెమ్మదిగా అంది, నానే ఏసినాను.
ఇంకోర్తె, నీవేటి, నాను.
ఒక రాత్రి చెన్నై నుంచి ఫోను. తవుడే,
మందు మీదున్నాడు:
"టీచరమ్మా, ఎవులికీ సెప్పకు, అది నాదే."
కరెంటు బిల్లు కట్టడానికొచ్చిన పారినాయుడు కూడా
అటూ ఇటూ చూసి, ఏదో చెప్పబోయి, చిల్లర లెక్కపెట్టుకున్నాడు.
నా లెక్కకి ముప్ఫై దాటారు.
ఓటు మాత్రం ఒకటే.

శ్రావణంలో బోడెమ్మ పోయింది.
తీసివేత ఫారం తెచ్చుకుని వాళ్ళ గుమ్మంలో కూర్చున్నాను.
కర్ర ఇంకా తలుపు మూలే ఉంది, దాని పిడి నున్నగా.
"ముసిల్దే ఏసుంటాది. పోనీ," అన్నారెవరో.
"అవును, పోనీ," అన్నారందరూ.
లెక్క కుదిరినందుకు టీలు తెప్పించారు.

మూడువందల నలభై మీద ఎర్రగీత గీశాను.
కింద వరసలో నా పేరు, నాలుగువందల ముప్ఫై ఒకటి,
పక్కన టిక్కు.
ఎడమచేతి గోటి చివరికి చేరిన నల్లచారని
ఇంటికొచ్చి కత్తిరించాను.
చిన్న ముక్క. చప్పుడైంది.