ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?

అమీర్‌పేట హాస్టల్లో సిగ్నల్ దొరికేది
మూడో అంతస్తు మెట్ల మీదే, నీళ్ల డ్రమ్ము పక్కన.
ఏడు లక్షలు, ఏడు లక్షలని
అద్దం ముందు వారం రోజులు వల్లెవేశాను.
"ఎక్స్‌పెక్టేషన్ ఎంతండీ?" అందావిడ.
నన్నడక్కుండానే నా నాలుక
ఐదున్నర అనేసింది.
అటునుంచి కాసేపు కీబోర్డు చప్పుడు.
ఐదే కొట్టుకుందని
ఆఫర్ లెటర్ వచ్చాక తెలిసింది.

సోమవారానికల్లా పుణేలో ఉండాలట.
రూము మనమే వెతుక్కోవాలట, రైలు చార్జీలూ మనవేనట.

ఖాళీ చేస్తుంటే ఓనరు వకుళమ్మ
సున్నాలకని అడ్వాన్సులో వెయ్యి కోసింది.
గోడకి నేను కొట్టింది ఒక్క మేకు!
అరగంట పోట్లాడాను,
గొంతు బొంగురుపోయేదాకా.
ఆరొందలు వెనక్కిచ్చింది.

ఇదే గొంతు.
ఆ రోజు డ్రమ్ము పక్కన ఉన్నదీ ఇదే.

మేకు మాత్రం పీక్కొచ్చేశాను.