విరగలే

మట్టెవాడ సందుల మా పాల దుకాణానికి
యాభై ఏండ్లుగ ఒకటే కట్టుబాటు:
నిమ్మకాయ గడప దాటొద్దు.

అమ్మ పెట్టింది.
పండ్ల బండి సారయ్య ఉద్దెర పాలకొస్తే
గంపను కరెంటు స్తంభం కాడ దించి రమ్మనేది.
అమావాస్యకు పక్క దుకాణాలన్నీ
నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టుకుంటే
మా షట్టరుకు ఉత్త మిరపకాయలే వేలాడేవి.
సగం దిష్టే పోయేది మాకు.

మే నెల. ఖిలా దిక్కు నుంచి వచ్చే గాలి
రాళ్ళను కాచి వడగట్టినట్టుంది.
పెండ్లిళ్ళు అయిపోయినయి, నాలుగు రోజుల మీగడ మిగిలింది.
నెయ్యి కాచుదామంటే
పొయ్యి ముందట గంటసేపు నిలబడే దమ్ము లేదు.

మీది వాటాల కిరాయికున్న నుస్రత్,
ల్యాబుల రక్తం తీసే పిల్ల, చెప్పింది:
"మీగడ, చక్కెర కాచి నిమ్మరసం పోయి ఆంటీ,
చల్లగయితే పేరుకుంటది."
విరగదా?
"పాలు విరుగుతయి. మీగడల కొవ్వు విరగనియ్యదు."
సూది గుచ్చేముందు నొప్పుండదని చెప్పే గొంతు అది.
నేను నమ్మలే.

అయినా అమ్మ పగటి కునుకుల ఉన్నప్పుడు
లక్ష్మీపురం మార్కెట్ల ఐదు కాయలు కొని
కొంగుల దాచుకొని తెచ్చిన,
యాభైకి దగ్గర పడ్డదాన్ని,
బీడీ దాచిన పోరగాని లెక్క.

మీగడను కవ్వంతో చిలికీ చిలకక ఆడించి
పల్చటి బట్టల వడగట్టిన.
అరలీటరు కొలతకు గ్లాసు నిండక చక్కెర.
సన్నమంట. పొంగు అంచుకొస్తే దించుడు, మళ్ళ పెట్టుడు,
గరిటె ఆపకుండ మూడు నిమిషాలు.
తొక్క మీది పసుపు మాత్రం తురిమిన,
కింది తెల్లది తగిలితే చేదు.
వేలు ముంచితే కాలనంత దాక ఆగిన.

ఇగ రసం.
చెయ్యి లేవలే.

విరిగిన పాలు నాకు తెల్వనియా?
కడగని క్యానుకు విరిగినయి, ఉక్కకు విరిగినయి,
కరోనా ఏడు కొనేటోళ్ళు లేక
నలభై లీటర్లు మోరీల పోసినం.
పచ్చటి నీళ్ళు ముందు పోయినయి,
ముద్దలు జాలి కాడ ఆగినయి.
అమ్మ చీపురు పట్టుకొని
వాటిని తోయనూ లేదు, తీయనూ లేదు.

కండ్లు మూసుకొని పోసిన.
ఒక చెంచా. రెండు. ఆరు.

గిన్నెల సప్పుడు లేదు.
ముద్ద కట్టలే, నీళ్ళు తేలలే.
గరిటె తిప్పిన జాడ
ఒక్క క్షణం నిలబడి మెల్లగ పూడింది.

స్టీలు గ్లాసులల్ల పోసి ఫ్రిజ్‌ల
పెరుగు ప్యాకెట్ల ఎనక పెట్టిన.
నాలుగింటికి కరెంటు పోయింది.
ఫ్రిజ్ తలుపు మీద అరచెయ్యి ఆనిచ్చి
జ్వరం చూసినట్టు చూసుకుంట నిలబడ్డ.
ఐదున్నరకు అది గుర్రుమన్నది,
నేను కూసున్న.

రాత్రి షట్టరు దించినంక
అమ్మ చేతుల గ్లాసు పెట్టిన.
చెంచా దిగింది, దిగినకాడ గుంత నిలబడ్డది.
నోట్ల పెట్టుకున్నది. కండ్లు చిన్నగయినయి.
గ్లాసు వంచి చూసింది,
అడుగున నీళ్ళేమన్న దిగినయా అని.

"నిమ్మకాయనా?"
ఊఁ.
"విరగలే?"
విరగలే.

మెట్ల మీద నుస్రత్ రెండో గ్లాసు గీకుతున్న సప్పుడు.
అమ్మ తన గ్లాసు కడిగింది, బోర్లించింది,
కొంగుకు చేతులు తుడుసుకొని
"పులుపు జెర తక్కువైంది యాకలక్ష్మీ" అన్నది.

పొద్దున సారయ్య
గంపను స్తంభం కాడ దించబోతుంటే
గల్లా మీది నుంచే కేకేసింది:
"నిమ్మకాయ ఎట్లిస్తున్నవ్?"

పదికి రెండన్నడు. ఆమె మూడన్నది.
బేరం తెగలే.
గంప మాత్రం లోపలికొచ్చింది.