తాళంచెవి

మిందేలో రేవులో, ఎడారి దుమ్ము
సముద్రం దాటి వచ్చి పడవలమీద కూర్చునే నెలలో
శనివారం పొద్దున్నే పాత చేపల గోదాము తెరుస్తాను.
ఎంత కడిగినా ఉప్పువాసన పోదు.
తొమ్మిదిమంది పిల్లలు. పదిహేనేళ్లు, పదహారేళ్లు.
ఒకడికి పద్నాలుగే,
పదిహేనని గట్టిగా చెప్పాడు.

ఏం చేద్దామని వచ్చారంటే
పాడతాం అన్నారు.
తొమ్మిది గొంతులు, తొమ్మిదీ గొంతెమ్మ కోరికలు.
పాటంటే చెవి కోసుకుంటానన్నాడు ఎద్మిల్సన్.
కోసుకోకు నాయనా,
రేపు నీకు కూడు పెట్టేది అదే.

చేతికి తీగ ఇచ్చాను, ముప్పై మీటర్లది.
ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి,
విసిరితే ముడి పడకుండా
పాము పుట్టలోకి జారినట్టు పరుచుకోవాలి.
గంటసేపు అదే.
"మరి సంగీతం ఎప్పుడు?"
ఇందాకట్నుంచీ అదే నడుస్తోంది.

నా సంగతి చెప్పాలి.
పందొమ్మిదో ఏట, రోటర్‌డామ్‌లో, మంచు కురిసే రోజున
ఒక రికార్డుకు వెనకపాట పాడాను.
కాగితం డచ్చి భాషలో ఉంది.
చదవలేదు. సంతకం మాత్రం
గుండ్రంగా, ముచ్చటగా పెట్టాను.
ఆ పాట ఇవాళ్టికీ దీవుల మధ్య తిరిగే పడవలో వేస్తారు.
టిక్కెట్టు కొనుక్కుని
నా గొంతు నేనే వింటూ వెళ్తాను.

అందుకే మూడో శనివారమంతా ఒప్పందాలు.
ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఎవరికెంత,
ఎన్నేళ్లు, ఏయే దేశాల్లో.
పిల్లలు ఆవలించారు.
ఆవలించనీ. నోరు తెరిచినప్పుడే
కాస్త లోపలికి పోతుంది.

వాళ్ల అమ్మలు గుమ్మంలోనే అడుగుతారు
ఇందులో కుండ ఉడుకుతుందా అని.
కార్నివాల్ నెలలో రెండుపూటలా ఉడుకుతుంది.
మిగతా నెలల్లో
రేడియోలో పాటలచిట్టా రాసే రోజాల్వాని చూడండి,
ఒక్క పాట పాడలేదు,
ఇంటికి పైకప్పు వేసింది.
వ్యాను నడిపే తోయ్‌ని మాత్రం చూడకండి,
వాడికి నేనే మూడు నెలల బాకీ.
అబద్ధం చెప్పి పిల్లల్ని చేర్చుకుంటే
అది రోటర్‌డామ్ కాగితమే అవుతుంది.

జులైకా ఎక్కువ మాట్లాడదు.
మాట నాలుక దగ్గరికి వచ్చి తడబడి వెనక్కి పోతుంది.
చౌరస్తాలో మా మొదటి కచేరీ, సాయంత్రం, మైకు పెట్టగానే
గుంయ్‌మని ఒకటే రొద.
అబ్బాయిలు గిటారు మార్చారు, పెట్టె తట్టారు,
ఒకడైతే స్తంభాన్ని తన్నాడు.
ఆ పిల్ల కళ్లు మూసుకుంది. తర్వాత నడిచింది,
తల ఒకవైపు వంచి, పిల్లి ఎలుకను వెతికినట్టు,
నలభై అడుగులు,
న్యా బీబియా ఐసుపెట్టె ముందు ఆగింది.
వేలు పెట్టి చూపించింది.
అదీ మేమూ ఒకే తీగమీద బతుకుతున్నాం.

"ఆపనంటే ఆపను" అంది న్యా బీబియా,
"మీ పాటకి నా చేపలు కుళ్లాలా?"
న్యాయమే.
మంగలి సెరఫీం కొట్టులోంచి కరెంటు లాగాం.
రొద ఆగింది.
ఆగగానే ఊరు వినపడింది,
అలలు, చెప్పులు, ఎక్కడో గిన్నె పడ్డ చప్పుడు.
జులైకా నవ్వడం అప్పుడే చూశాను.
దానికి మాట అక్కర్లేదు కూడా.

తాళంచెవి అంటాం గానీ
ఆ మాటలో తాళమూ ఉంది, చెవీ ఉందని
ఇన్నేళ్లూ తట్టలేదు నాకు.
గోదాముది తనకిచ్చాను.

ఎద్మిల్సన్ ఇంకా పాడతాననే అంటాడు.
పాడతాడు కూడా, పర్లేదు.
మొన్న మాత్రం సబ్బు అట్టమీది సన్నక్షరాలు
చివరిదాకా చదువుతుంటే చూశాను.

ఈ శనివారం కావాలనే ఆలస్యంగా వెళ్లాను.
సందు మలుపులో నిలబడి విన్నాను.
ఎవరూ పాడటం లేదు.
నేలమీద ముప్పై మీటర్ల తీగ
ఒక్క ముడీ లేకుండా
జారుతోంది.