బరోబర్

సిరొంచ బస్టాండు వెనక
మా నాయిన పంక్చర్ షాపుకి బోర్డు లేదు.
వేపకొమ్మకి వేలాడే అరిగిన టైరే బోర్డు.
మరాఠీ చదివేవాళ్ళకీ, తెలుగు చదివేవాళ్ళకీ,
అసలేమీ చదవనివాళ్ళకీ
అది ఒక్కతీరుగా అర్థమవుతుంది.

ఆ రోజు బడికి బోర్కర్ సారు
సూది లేని సిరంజి తెచ్చాడు,
దవాఖానలో కొత్తదే అడిగి.
దాన్నిండా గాలి లాగి, మూతికి బొటనవేలు అడ్డంపెట్టి
నొక్కమన్నాడు నన్ను.
నొక్కాను. సగందాకా దిగింది.
వదిలాను. ఎగిరి లేచింది,
ఒళ్ళో అదిమిపట్టిన మేకపిల్ల చేయి జారినట్టు.

ఈసారి నీళ్ళు నింపి ఇచ్చాడు.
పళ్ళు బిగించి నొక్కాను.
వెంట్రుకవాసి కదల్లేదు.
వెనక బెంచీ ఓదేలు లేచొచ్చి
రెండు చేతులా బలం పెడితే
సారు వేలి పక్కనుంచి సర్రున చిమ్మి
ఆయన కళ్ళద్దాలే తడిశాయి.

"ఎందుకట్లా?" అన్నాడు సారు, అద్దాలు తుడుచుకుంటూ, మరాఠీలో.
నాకు మరాఠీలో మాటలు దొరకలేదు.
లోపల తెలుగులో మాత్రం తెలుసు.

నీళ్ళంటే అంగడిరోజు పడవెక్కిన జనం.
భుజానికి భుజం తగులుతూ
గంపలు అటూ ఇటూ మార్చుకోవచ్చు,
ఒకరిని దాటి ఒకరు ఒడ్డువైపు జరగొచ్చు.
దగ్గరికి జరగమంటే మాత్రం
ఎక్కడికి జరుగుతారు?
గాలంటే అంగడి లేచిపోయాక అదే మైదానం.
ఎవరో ఇక్కడ, ఎవరో అక్కడ,
నడుమ అంతా ఖాళీ,
ఎవరికి వాళ్ళు పరుగులో.
తరిమితే ఒక మూలకి చేరతారు,
వదిలితే మళ్ళీ మైదానమంతా వాళ్ళదే.

చెప్పలేక కూర్చున్నాను.
గంట కొట్టారు.

సాయంత్రం షాపులో నాయిన
గమేళాలో ట్యూబు ముంచి తిప్పుతున్నాడు.
పొద్దున బడిలో సిరంజి ఆకారంలో నిలబడ్డ నీళ్ళే
ఇక్కడ గమేళా ఆకారంలో చదునుగా పడుకున్నాయి.
పైన ఒక మట్టం మాత్రం తప్పకుండా ఉంచుకుంటాయి.
గాలికి ఆ పట్టింపు లేదు,
ఎంత ఇస్తే అంతా నింపుతుంది.
ఆవగింజంత కన్నం దొరికినా చాలు,
బుడబుడా బయటికి,
నీళ్ళకన్నా తేలిక కాబట్టి నేరుగా పైకి.
"దొరికింది దొంగ," అన్నాడు నాయిన
బుడగ మీద వేలు పెట్టి.

సొల్యూషన్ మూత తీశాడో లేదో
అవతల చాయ్ బండి సమ్మక్క ముక్కు మూసుకుంది.
ఆకు కదలని సాయంత్రం.
ఆ వాసనని ఎవరు మోసుకెళ్ళారు?
ఎవరూ మోయలేదు. అదే నడిచింది.
వానాకాలంలో ప్రాణహిత ఎర్రనీళ్ళు
గోదారి నీళ్ళ పక్కనే కొంతదూరం
వేరువేరుగా పోవడం చూశాను.
నీళ్ళు కూడా కలుస్తాయి,
కాకపోతే ఆలోచించి.

"ఎండాకాలం నిండుగ కొట్టించుకోవద్దు,"
నాయిన ఒక గిరాకీకి చెబుతున్నాడు,
"మాపటాల్లకు గాలికి కోపమొస్తది."
కోపం కాదు నాయినా, వేడికి ఉరుకుడు ఎక్కువైతది,
ట్యూబు గోడలకు జోరుగా కొట్టుకుంటది, అన్నాను.
"రెండూ ఒకటే," అన్నాడు.
నిజం చెప్పాలంటే నాకూ అట్లాగే అనిపించింది.

మర్నాడు క్లాసులో లేచి నిలబడి
పడవ, అంగడి, మైదానం,
సగం మరాఠీలో, సగం నోటికొచ్చినట్టు చెప్పాను.
ఓదేలు నవ్వాడు.
సారు నవ్వలేదు.
"బరోబర్," అన్నాడు.
ఆ మాట మా ఇంట్లో కూడా ఉంది.

ఇప్పటికీ ఒకటి తెగలేదు.
పంక్చరుకి పైసలు తీసుకునే నాయిన
గాలి కొడితే తీసుకోడు.
"గాలిని నేను తయారు చేసిన్నా బిడ్డా?" అంటాడు.
చేయలేదు గానీ, దగ్గరికి జరిపినవు కదా,
ఆ కష్టానికి?
అప్పుడే పక్కన పెట్టిన పంపు చూపించి
అడుగున ముట్టుకోమన్నాడు.

చురుక్కుమంది.