పదకొండో ప్రశ్న

సొరోకాలో నాలుగో అంతస్తు. లిఫ్టు చచ్చి ఏడాదైంది.
కిటికీలోంచి ద్నీస్టర్ నది, అవతల వేరే దేశం.
పదకొండో ప్రశ్న దగ్గర ఆగిపోయాం
నేనూ, పరస్కోవియా గారూ.

"అవినీతి మీద సర్కారు పోరాటం
మీకెలా కనిపిస్తోంది?
ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి."

చెప్పలేదు.
అక్రోటు కాయల గిన్నె నావైపు జరిపింది.
వద్దన్నాను. మాకు నిషేధం.

"పెన్షన్ కాగితం కోసం వెళ్లాను బాబూ.
కొత్త గాజు కిటికీ, నంబరు చీటీ,
మీసాలింకా సరిగా రాని కుర్రాడు.
దరఖాస్తు మడతలో రెండొందల లేయి పెట్టాను,
ముప్ఫయ్యేళ్లుగా పెడుతున్నట్టే.
తీసి నా చేతిలోనే పెట్టేశాడు.
'అక్కర్లేదు మామ్మా.'
గుండెల్లో రాయి పడింది.

చెయ్యి తడవలేదంటే పని కాదనేగా!
లేదా రేటు పెరిగిందని.
లేదా నా ముందు నిలబడ్డ ఆ తోలుకోటాయన
నా వంతు కూడా కలిపి ఇచ్చేశాడని.
మూడు రాత్రులు కన్ను మూతపడలేదు.
నాలుగోనాడు కాగితం పోస్టులో వచ్చింది.

ఇప్పటికీ దాన్ని దిండు కిందే పెట్టుకుంటాను.
ఊరికే వచ్చింది,
ఊరికే పట్టుకుపోతారేమో."

పోయినవారం రాజధాని హోటల్లో
నిపుణుల సభకు కుర్చీలు వేసింది నేనే.
తెరమీద గీత నలభైఒకటి నుంచి నలభైమూడుకి పాకింది.
చప్పట్లు.
"మరి జనం ఎందుకు నమ్మడం లేదు?"
వెనక వరుసలోంచి ఎవరో అడిగారు.
అప్పుడే కాఫీ వచ్చింది.

"రెండు వెయ్యి" అంది పరస్కోవియా.
పెన్ను ఆనించాను.
"ఉండు, ఒకటి వెయ్యి.
మా అల్లుడి లారీని నిన్న కూడా వంతెన దగ్గర ఆపారు."
వేశాను.
"ఆ కుర్రాడికి వేరే గడి లేదా?
వాడికి అయిదు వెయ్యాలి.
ఇలాగే ఉంటే వాణ్ణి ఎన్నాళ్లో ఉంచరు."

గడి లేదు.
అంచులో సన్నగా రాశాను: *కిటికీ కుర్రాడు, అయిదు.*
అంచుల్లో రాసింది లెక్కకు రాదని
శిక్షణలో మొదటిరోజే చెప్పారు.

మెట్లు దిగుతుంటే కోటు జేబు బరువుగా తగిలింది.
ఎప్పుడు పోసిందో.
రెండో అంతస్తులో ఆగి, గోడకు కాగితం ఆనించి,
'ఈ ఇంట్లో నేనేమీ పుచ్చుకోలేదు'
అన్నచోట సంతకం పెట్టాను.

పలుచని పెంకు కాయలు.
వేలితో నొక్కితేనే విచ్చుకున్నాయి.