ఏడో నంబరు వాల్వు

దల్మా దీవిల పొద్దు ఇంకా నీళ్ల కిందనే ఉన్నప్పుడు
నేను మోటరు ఆన్ చేస్త.
మొదలు జెత్తు గడ్డికి, తర్వాత ఖర్జూరాలకు,
ఆఖర్న పిల్లల ఫుట్‌బాల్ మైదానానికి.
ఏడో నంబరు వాల్వు కారుతది.
ఫిబ్రవరి నుంచి కారుతనే ఉన్నది.
కింద తాంబాళమంత మడుగు.

కురువిళ సార్ రెండుసార్లు కాగితం రాసిండు.
కురువి అంటే పిచ్చుకని సెల్వం చెప్పిండు నాకు.
పేరుల పిట్ట ఉన్న మనిషి
చుక్కచుక్కకు లెక్క అడుగుతడు.
ఆయన తప్పేం లేదు,
ఇక్కడి నీళ్లు సముద్రాన్ని ఉడకబెట్టి తీసినయ్.

డీజిల్ రిజిస్టరుకు వెనకపేజీలు ఉంటయ్, ఎవరు చూడరు.
మార్చి పదిహేడు: కూకుడుగువ్వ. ఒకటి.
ఏప్రిల్ రెండు: జిట్టంగులు, పసుపు పొట్టవి, నలభై దాకా.
పిల్లలు బంతి తంతే పక్కకు జరిగి
మళ్లా అదే జాగకు వచ్చినయ్.
ఏప్రిల్ ఆరు: బూడిదరంగుది, పామోలె మెడ తిప్పేది.
పేరు తెలువది. మెడతిప్పుడు పిట్ట అని రాసిన.
ఏప్రిల్ తొమ్మిది: ఏం లేదు. మేక వచ్చి మడుగు తాగిపోయింది.

ఏప్రిల్ పన్నెండు: పాలపిట్ట.
ఇక్కడోళ్లు గాఫ్ అనే చెట్టు మన జమ్మే.
జమ్మి మీద పాలపిట్ట!
పానా కింద పెట్టి, టోపీ తీసి, దండం పెట్టిన.
దసరాకు ఇంక ఆరు నెలలున్నది.

శుక్రవారం ఫెర్రీల యెన్స్ వచ్చిండు,
మూడుకాళ్ల దుర్భిణితోని, ముక్కుకు తెల్ల మందు పూసుకొని.
నా రిజిస్టరు తిరగేసి నవ్వలేదు, అందుకే నాకు ఇష్టం.
చాలాసేపు చూసి చెప్పిండు:
ఇది మీది కాదు, రొమ్ము చూడు, నీలం.
మీదానికి గోధుమరంగు ఉంటది.
ఇది ఆఫ్రికా నుంచి ఎక్కడికో పైకి పోతది.
సరే అన్న.
పెట్టిన దండం వాపసు తీసుకుంటమా.

ఆ రాత్రి షమాల్ ఎదురుకొట్టింది.
రేకులు లేచినయ్, వాన మట్టిగ పడ్డది.
తెల్లారి తలుపు తీస్తే
నేల కదులుతున్నది.
పికప్ కింద, పైపుల మీద, మోఫిజుల్ చెప్పుల నడుమ
గుప్పెడంత గుప్పెడంత పిట్టలు,
ఎగరనీకె చేతగాక మనల్ని చూస్తున్నయ్.
మోఫిజుల్ చెప్పులు వదిలేసి వట్టికాళ్లతో నడిచిండు.

పిట్టలకు పాస్‌పోర్టు లేదు, హాయి అంటరు.
ఒక్కదాన్నీ చేతిల పట్టుకోనోళ్ల మాట అది.
నేను పట్టుకున్న.
రొమ్ము ఎముక కత్తి అంచు లెక్క తగిలింది.
సముద్రం దాటే దారిల కొవ్వు అయిపోతే
సొంత కండనే తింటయని యెన్స్ అన్నడు.
నేను మా సిరికొండ మేస్త్రి భూమయ్యను తలుచుకున్న,
ఏజెంటు బాకీ తీరేదాక రెండేండ్లు
ఒక్కపూట తిన్నోడు.
తలుచుకున్నది యెన్స్‌కు చెప్పలేదు.

ఏడో వాల్వు కింద లైను కట్టినయ్.
ఒకటి తాగంగ ఒకటి కాచుకుంటలేదు, తోసుకున్నయ్.
డేగ వచ్చి ఒకదాన్ని తీసుకపోయింది.
అది గూడ రాసిన.

కురువిళ సార్ పికప్ దూరంగనే ఆపి
ఇంజను బంద్ చేసిండు.
దిగలేదు. అద్దం దించిండు.
పది నిమిషాలు. ఆ తర్వాత నా దిక్కు చూడకుంట
సోమవారం చెయ్యి అన్నడు.

ఆదివారం రాత్రి గాలి మళ్లింది.
సోమవారం నాడు నాలుగు చుట్లు టేపు చుట్టి,
పానా బిగించిన.
ముందుపేజీల రాసిన: ఏడో వాల్వు బాగైంది.

మధ్యాహ్నం మెడతిప్పుడు పిట్ట ఒక్కటి,
అన్నిటికన్న ఎనకబడ్డది,
ఎండిపోతున్న తడి చుట్టు తిరిగింది.
టిఫిన్ మూతల నీళ్లు పోసి
దూరం జరిగి కూసున్న.
అది రాలేదు.
మూత ఆడనే ఉంచి
నేను అన్నం తినపోయిన.