తాడు పట్టినవాడు

ఫిస్సెహా, దీపం ఇటు పట్టు.
ఈ తోలుతాడే రేపు నిన్ను మోసేది.
పది నిలువుల కొండ, మెట్టన్నది లేదు.
ఆడదాన్ని, నాకు పైన చోటు లేదు.
కానీ మూరమూరా నా వేళ్లు తడమకుండా
ఏ కుర్ర డీకనూ ఇంతవరకు పైకి పోలేదు.

అబ్బా మెర్షాకు రెక్కలు మొలిచినట్టు
గుడి గోడ మీద బొమ్మ చూశావుగా,
కాళ్ల దగ్గర చిరుత, తల చుట్టూ పసుపు వెలుగు.
గీసినవాడికి రెండు బుట్టల టెఫ్ గింజలిచ్చారట.
రంగు మిగిలిపోయి రెక్కలు పెట్టాడని
మా అమ్మమ్మ అనేది.

ఆమె చెప్పిన మెర్షా వేరు.
ఇరవై ఏళ్లవాడు, మఠంలో చేరాలని వచ్చాడు.
పైనుంచి పెద్ద అబ్బా కేకేశాడు:
"కింద తాడు పట్టే ముసలాయన పోయాడు నాయనా,
ఇవాళ్టికి నువ్వు పట్టు. రేపు పిలుస్తాం."
ఆ రేపు నలభై ఒక్క ఏళ్లు రాలేదు.

పిలవడమే మరిచారో,
అతను నడుముకు వార కడితేనే ధైర్యంగా ఎక్కారో.
ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు మహానుభావుడు
అంటాడు మన పాదిరి.
అబద్ధం. అడిగాడు.
పదిహేడో ఏట, పెద్ద ఉపవాసం రోజుల్లో,
కొండకేసి చూసి నోటికొచ్చినట్టు తిట్టి
తాడు వదిలేసి
ఉప్పు బిళ్లల ఒంటెల వెంట మూడు రోజులు నడిచాడు.
సంతలో ఒకడు గాడిద మీద బస్తా నిలవక అవస్థపడుతుంటే
సాయం పోయి ముడి వేశాడు.
చూస్తే అది వార ముడి.
మనుషుల నడుముకు వేసేది.
చాలాసేపు ఆ ముడినే చూస్తూ నిలబడ్డాడట.

తిరిగొచ్చేసరికి ఆరు రోజులు.
బుట్ట మూడుసార్లు ఖాళీగానే పైకి పోయింది.
క్షమించామని ఎవరూ అనలేదు.
నాలుగోసారి దిగింది,
వేయించిన బార్లీ నింపాడు, తాడు రెండుసార్లు గుంజాడు.
దీనికి గోడ మీద బొమ్మ లేదు.

విశ్వాసమంటే పైకి చూడటమని
బడిలో నీకు చెబుతారు. చూడు, తప్పులేదు.
అతను మాత్రం ఎక్కేవాడి మడమలు చూసేవాడు.
మడమ వణికితే తాడు బిగపట్టేవాడు.

చనిపోయాక లాగారు పైకి, చివరికి.
ఎనిమిది మంది సిద్ధపడితే ఇద్దరే సరిపోయారట,
ఖాళీ బుట్టంత బరువు.
అమ్మమ్మ ఎప్పుడూ ఇక్కడ ఆగి
ముక్కు తుడుచుకుని
"తిండి సరిగా తినలేదు మరి" అనేది.

నిరుడు ఆయన పండగనాడే
పద్దెనిమిదో మూరలో నా గోరుకు చీలిక తగిలింది.
కింద రెండొందల మంది, జరీ గొడుగులు, డప్పులు,
బిషప్పు గారి కంచరగాడిద.
"కాస్త వెన్న రాయి, ఒక్క పూటకేం కాదు" అన్నారు.
నేను కత్తి తీసి కోసేశాను.
కొత్త వార పేనేదాకా, పొద్దు వాలేదాకా
పండగ ఆగింది.
మీ నాన్న వారం రోజులు మాట్లాడలేదు.
పరిశుద్ధుడు కలలోకొచ్చి మెచ్చుకున్నాడా అంటావేమో,
లేదురా. చేతులు సలుపుతుంటే నిద్రే పట్టలేదు.

రేపు ఆయన సమాధి దగ్గర మోకరిస్తావు.
నా పేరు చెప్పక్కర్లేదు.
పక్కనే రాతిలో ఇనప కొక్కెం ఉందట,
తాడు కట్టేది. నేనెన్నడూ చూడలేదు.
దాన్ని చేత్తో తడిమి
తుప్పు పట్టిందో లేదో
వచ్చి నాకు చెప్పు.

ఆ వెన్న గిన్నె జరుపు.
ఇంకా నాలుగు మూరలున్నాయి.